స్నోమొబైల్ వీడియోలో ప్రాణాపాయం తెచ్చే తప్పులు: సవరించాలని ఫిర్యాదు

వీడియో నిర్మాణ సంస్థ, వీక్షకుల సేవా విభాగం వారికి,

నమస్కారం. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రావిన్సు పర్వతాల్లో మీరు తీస్తున్న స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) సిరీస్‌లో చిత్రీకరణకు గానీ, రైడర్ల నైపుణ్యానికి గానీ వంక పెట్టలేం. కానీ తాజా భాగంలోని ఒక దృశ్యం, దాన్ని చూసి నేర్చుకునేవారి ప్రాణాల మీదికి తెస్తుంది.

ఒక రైడర్ బండి వాలు మధ్యలో కూరుకుపోతుంది. సాయం చేయడానికి రెండో రైడర్ నేరుగా అతని పక్కకే ఎక్కుతాడు. మిగతా ముగ్గురూ సరిగ్గా ఆ వాలు కిందే, బండ్ల ముక్కులు కొండవైపు పెట్టి నిలబడతారు. మీ వ్యాఖ్యాత దీన్ని స్నేహధర్మమని మెచ్చుకున్నారు. బండి, మనిషి, ఇంధనం కలిస్తే సుమారు 300 కిలోలు. అడుగున పంచదార పలుకుల్లాంటి బలహీనమైన మంచు పొర ఉంటే, ఒక బండిని మోసిన వాలు రెండో బండి బరువుకు తెగిపోవచ్చు. కూరుకున్నవాడు తన బండిని తానే తవ్వుకోవాలి. వాలు మీద ఒక్కరే ఉండాలి. మిగతావారు మంచు చరియ జారివచ్చే దారికి దూరంగా, బండ్లను తప్పించుకునే దిక్కుకు తిప్పి పెట్టి, కళ్లు మాత్రం వాలు మీదే ఉంచాలి. 2010 మార్చి 13న ఇదే ప్రావిన్సులో, రెవెల్‌స్టోక్ దగ్గరి బౌల్డర్ పర్వతం మీద విరిగిన చరియ కింద గుమిగూడినవారి మీదికే వచ్చింది. ఇద్దరు చనిపోయారు, 30 మంది దాకా గాయపడ్డారు. మీ వ్యాఖ్యాతకు ఇది తెలియకపోవడం మాకు బాధగా ఉంది.

పైగా వైడ్ లెన్స్ వాలును ఉన్నదానికన్నా చదునుగా చూపిస్తుంది. చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద కాబట్టి, కొలిచిన డిగ్రీలనూ, మంచు చరియల హెచ్చరికలు ఇచ్చే అవలాంచ్ కెనడా సంస్థ ఆ రోజుకు ప్రకటించిన ప్రమాద స్థాయినీ తెర మీద వేయండి.

తెలుగు సబ్‌టైటిళ్లలో బీకన్‌ను, అంటే మంచులో పూడినవారిని వెతకడానికి రైడర్లు ఒంటికి కట్టుకునే పరికరాన్ని, జీపీఎస్ అని రాశారు. అది పంపేది 457 కిలోహెర్ట్జ్ రేడియో సంకేతం. ఉపగ్రహంతో దానికి సంబంధం లేదు. జీపీఎస్ అనుకున్నవారు ఎక్కడి నుంచో ఎవరో వచ్చి కాపాడతారనుకుంటారు. నిజానికి పక్కనున్నవారే తమ బీకన్లను వెతికే మోడ్‌కు మార్చి తవ్వి తీయాలి. పూడిన 10 నుంచి 15 నిమిషాల తర్వాత బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. మీ రైడర్ బీకన్‌కు ఆనించి ఫోన్ పెట్టుకున్నాడు. బీకన్ సంకేతం పంపుతున్నప్పుడు కనీసం 20 సెంటీమీటర్లు, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల ఎడం కావాలి. పార, మంచులో గుచ్చి పూడినవారిని వెతికే ప్రోబ్ కడ్డీ బండి వెనక సంచిలో కనిపించాయి. బండి పూడితే అవీ పోతాయి. వాటి చోటు వీపు మీది బ్యాగులో.

ఇంజిన్ శక్తిని బండి ట్రాక్‌కు చేర్చే బెల్ట్ తెగిన ఘట్టం చిన్నదే అయినా చెప్పాలి. తెగిన వెంటనే కొత్తది ఎక్కించారు. ఆ బెల్ట్ తిరిగే పుల్లీలైన క్లచ్‌లను చల్లారనిచ్చి, వాటిలో చుట్టుకున్న పాత బెల్ట్ దారాలన్నీ తీసి, పుల్లీ ముఖాలు తుడవకపోతే కొత్తదీ త్వరగా పాడవుతుంది.

ఈ భాగాన్ని వెనక్కి తీసుకుని, కూరుకుపోయిన బండి దృశ్యానికి సరైన వ్యాఖ్యానం, సబ్‌టైటిళ్లకు సవరణ చేర్చి మళ్లీ విడుదల చేయండి. అంతవరకూ వీడియో మొదట్లోనే హెచ్చరిక పెట్టండి. 15 రోజుల్లోగా రాతపూర్వక సమాధానం కోరుతున్నాం.

ఇట్లు,
మీ సిరీస్ తెలుగు వీక్షకులు