పొగ నియంత్రణ ప్రాంతంలో లాగ్ బర్నర్: ఈ సీజన్ నుంచి మా దుకాణం పాటించబోయే పద్ధతి

మా వినియోగదారులందరికీ నమస్కారం.

బర్మింగ్‌హామ్‌లో కట్టెల స్టవ్‌లు అమ్మి, అమర్చే మా చిన్న దుకాణంలో ఈ సీజన్ నుంచి రెండు మార్పులు చేస్తున్నాము. డెఫ్రా (ప్రభుత్వ పర్యావరణ శాఖ) ఆమోదించిన జాబితాలో లేని లాగ్ బర్నర్‌ను, అంటే కట్టెల స్టవ్‌ను, ధర ఎంత తక్కువైనా, కొనేవారు ఎంత పట్టుబట్టినా, ఇకపై మేము అమ్మము. అలాగే గది కొలతలు, చిమ్నీ పరిస్థితి చూడకుండా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోము. ఈ రెండింటి వల్ల మా అమ్మకాలు కొంత తగ్గుతాయని తెలుసు. అయినా ఎందుకు చేస్తున్నామో వివరంగా చెప్పడం మంచిదనిపించింది. ముఖ్యంగా వరుసగా ఒకదానికొకటి అంటుకుని ఉండే పాత విక్టోరియన్ టెర్రస్ ఇల్లు గానీ, ఒక గోడ పక్కింటితో కలిసి ఉండే 1930ల నాటి సెమీ గానీ కొని, మూసి ఉన్న ఫైర్‌ప్లేస్‌ను తెరిపించి స్టవ్ పెట్టించుకోవాలనుకునే తెలుగు కుటుంబాలు మమ్మల్ని ఎక్కువగా సంప్రదిస్తున్నందువల్ల, ఆ సందేహాలన్నిటికీ ఒకేచోట సమాధానం రాస్తున్నాను.

బర్మింగ్‌హామ్ నగరమంతా పొగ నియంత్రణ ప్రాంతమే, అంటే ఇళ్ల చిమ్నీల పొగపై ఆంక్షలున్న ప్రాంతం. లండన్‌లో కూడా చాలా భాగం అంతే. 1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజుల పాటు కమ్మేసి వేలమంది ప్రాణాలు తీసిన బొగ్గుపొగ మంచు తరువాత, 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. ఈ ప్రాంతాలు ఆ చట్టం కింద ఏర్పడినవే. ఇప్పుడు అమల్లో ఉన్నది 1993 నాటి చట్టం, దానికి 2021 పర్యావరణ చట్టం చేసిన సవరణలు. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రాంతంలో మీ ఇంటి చిమ్నీ నుంచి పొగ వస్తే కౌన్సిల్ 175 నుంచి 300 పౌండ్ల వరకు జరిమానా వేయవచ్చు. ఆమోదం లేని స్టవ్‌లో కాల్చడానికి, ఆమోదం లేని ఇంధనం కొనడం వేరే నేరం. దానికి 1,000 పౌండ్ల వరకు పడుతుంది. కట్టెలు ఆమోదిత పొగరహిత ఇంధనం కావు కాబట్టి, వాటిని కాల్చాలంటే స్టవ్ డెఫ్రా జాబితాలో ఉండి తీరాలి. మీ ఇల్లు ఆ పరిధిలోకి వస్తుందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ వేసి చూసుకోవచ్చు, లేదా మాకు ఫోన్ చేస్తే మేమే చూసి చెబుతాము.

గందరగోళం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. "పెట్టె మీద ఎకోడిజైన్ అని రాసి ఉంది కదండీ, ఇంకేం కావాలి?" అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. ఎకోడిజైన్ అనేది 2022 జనవరి 1 నుంచి కొత్తగా మార్కెట్లోకి వచ్చే ప్రతి గది స్టవ్‌కూ తప్పనిసరి అయిన కనీస ప్రమాణం. మూసిన తలుపున్న కట్టెల స్టవ్ నుంచి వచ్చే వాయువులో సూక్ష్మ ధూళి ఘనపు మీటరుకు 40 మిల్లీగ్రాములు మించకూడదనీ, సామర్థ్యం 65 శాతానికి తగ్గకూడదనీ అది చెబుతుంది. డెఫ్రా మినహాయింపు, అంటే పొగ నియంత్రణ ప్రాంతంలో కట్టెలు కాల్చడానికి వీలిచ్చే ఆ జాబితాలో చేరడం, వేరే పరీక్ష. అది గంటకు ఎన్ని గ్రాముల పొగ వస్తుందో కొలుస్తుంది; పరిమితి 5 గ్రాముల దగ్గర మొదలై, స్టవ్ శక్తిని బట్టి కొద్దిగా పెరుగుతుంది. నా దృష్టిలో అసలు తేడా ఈ అంకెల్లో లేదు. ఎకోడిజైన్ పరీక్షలో స్టవ్‌ను దాని మీద రాసి ఉన్న శక్తితో, బాగా మండుతున్నప్పుడు కొలుస్తారు. డెఫ్రా పరీక్షలో గాలి తగ్గించి, మంట చిన్నది చేసినప్పుడు కూడా కొలుస్తారు. ఇంట్లో రాత్రి పది గంటలకు మనం చేసేది సరిగ్గా అదే.

మా షోరూంకు వస్తే ఈ తేడాను చేత్తో పట్టుకుని చూడవచ్చు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ స్టవ్‌లు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని గాలి మీట పూర్తిగా ఎడమకు జరిగి గాలిని దాదాపు మూసేస్తుంది. రెండోదానిలో మీట కిందుగా చిన్న ఇనుప బిళ్ల ఒకటి స్క్రూతో బిగించి ఉంటుంది. మీట దానికి తగిలి ఆగిపోతుంది, ఎంత నెట్టినా కొంత గాలి లోపలికి వెళుతూనే ఉంటుంది. ఆ బిళ్ల ఉన్నది జాబితాలో ఉంది, లేనిది లేదు. బిగించిన తరువాత ఎవరైనా దాన్ని తీసేస్తే స్టవ్ మినహాయింపు పోయినట్లే, కాబట్టి "మంట రాత్రంతా ఉండేలా ఆ స్క్రూ తీసేయండి" అని మా ఫిట్టర్లను దయచేసి అడగవద్దు. లేబుళ్ల విషయానికి వస్తే, స్టవ్‌లకు ఉద్గారాలను బట్టి స్థాయి ఇచ్చే క్లియర్‌స్కైస్ గుర్తులో 2వ స్థాయి అంటే ఎకోడిజైన్ మాత్రమే. 3వ స్థాయి నుంచి పైవి పొగ నియంత్రణ ప్రాంతాలకు పనికివస్తాయి. మేము ఇకపై 4, 5 స్థాయిల వాటినే ఎక్కువగా తెప్పిస్తాము. అయితే ఏ లేబుల్‌ను నమ్మినా, మోడల్ పేరు అక్షరం తప్పు పోకుండా డెఫ్రా జాబితాలో ఉందో లేదో చూసిన తరువాతే డబ్బు కట్టండి.

ఇప్పుడు సైజు సంగతి. మా దగ్గరికి వచ్చేవారు అడిగేది సాధారణంగా 5 కిలోవాట్ల స్టవ్, లేదా అంతకన్నా పెద్దది. పాత ఇళ్లలో 5 కిలోవాట్లు దాటకపోతే గోడకు ప్రత్యేకంగా గాలి కన్నం పెట్టనక్కరలేదన్న నిబంధన వల్ల ఆ సైజు అందరి నోటా స్థిరపడిపోయింది. కానీ మీ గదికి అంత వేడి అవసరమా? పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి, వచ్చినదాన్ని 14తో భాగిస్తే కావలసిన కిలోవాట్లు సుమారుగా తెలుస్తాయి. గోడలకు ఇన్సులేషన్ లేని పాత ఇల్లయితే 10తో భాగించాలి. 4.2 మీటర్ల పొడవు, 3.8 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల ఎత్తు ఉన్న మామూలు హాలు 38 ఘనపు మీటర్లు. మంచి ఇన్సులేషన్ ఉంటే దానికి 2.7 కిలోవాట్లు చాలు, లేకపోయినా 4 లోపే. అలాంటి గదిలో 5 అని రాసి ఉన్న స్టవ్ పెడితే, అందులో చాలా మోడళ్లు 7 వరకు కూడా వెళతాయి కాబట్టి, ముప్పావు గంటలో హాలు ఉడికిపోతుంది. అప్పుడు ఇంట్లోవారు ఏం చేస్తారు? గాలి తగ్గిస్తారు. గాలి తగ్గగానే స్టవ్ లోపల వేడి పడిపోతుంది, కట్టె నుంచి వచ్చే వాయువులు మండకుండా పొగగా పైకి పోతాయి, అద్దం నల్లబడుతుంది, చిమ్నీ లోపల తారులాంటి మసి పేరుకుంటుంది. ఆ మసే ఒకరోజు అంటుకుని చిమ్నీ మంటలకు కారణమవుతుంది. పరీక్షశాలలో ఎంత శుభ్రంగా మండిన స్టవ్ అయినా, గదికి పెద్దదైతే ఇంట్లో పొగే ఇస్తుంది.

చిన్న స్టవ్ బాగా మండాలి, పెద్ద స్టవ్‌ను అణచి పెట్టకూడదు అన్నదే మా సలహా అంతా. పెద్ద స్టవ్‌లో మాకు మిగిలేది ఎక్కువ అని దాచనక్కరలేదు. కొలతలు చూసిన తరువాత మేము 4 కిలోవాట్లది చెబితే, అది మీరు అడిగినదానికన్నా చౌక కావచ్చు; దాన్ని అనుమానించవద్దని మనవి.

కట్టెల గురించి. ఇంగ్లండ్‌లో 2021 మే 1 నుంచి 2 ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదు; సంచి మీద రెడీ టు బర్న్ గుర్తు ఉండాలి. మన ఊళ్లలో కట్టెల పొయ్యి దగ్గర పెరిగినవారికి పచ్చి కట్టె ఏం చేస్తుందో చెప్పనక్కరలేదు, ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్లు ఎర్రబడిన అనుభవం చాలామందికి ఉంటుంది. ఇక్కడ తేడా ఏమిటంటే ఆ పొగ మీ కళ్లలోకి కాక పక్కింటివారి కిటికీలోకి వెళుతుంది. గుర్తు ఉన్న సంచి కొన్నా, తడి షెడ్డులో నెలల తరబడి ఉంటే కట్టె మళ్లీ తేమ పీలుస్తుంది. ఇరవై పౌండ్ల లోపు దొరికే తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. కట్టె పైన కాదు, దాన్ని నిలువుగా చీల్చి, అప్పుడే బయటపడిన లోపలి ముఖం మీద రెండు ముళ్లూ గుచ్చి చూడండి. యాష్, బర్చ్ చెట్ల కట్టెలు త్వరగా ఆరుతాయి. ఓక్ మాత్రం మంచి కట్టె అయినా, చీల్చి ఆరబెడితే రెండేళ్లు పట్టవచ్చు.

కొబ్బరి చిప్పలు వేయవచ్చా అని మమ్మల్ని అడిగేవారు మన తెలుగువారే, ఆ ప్రశ్న నాకు ఇష్టమే గానీ, సమాధానం వద్దు అనే. మినహాయింపు అన్నది తయారీదారు చెప్పిన ఇంధనానికి, చెప్పిన పద్ధతికి మాత్రమే వర్తిస్తుంది; మేము అమ్మే స్టవ్‌లకు అది ఎండిన కట్టె. పాత పెయింటు వేసిన తలుపులు, ప్లైవుడ్, ఫర్నిచర్ ముక్కలు అసలే వద్దు. ముట్టించేటప్పుడు రెండు పెద్ద కట్టెలు అడుగున పెట్టి, వాటి మీద సన్నని పుల్లలు గళ్లుగా పేర్చి, పైనుంచి అంటించండి. మంట కిందికి దిగేకొద్దీ, కింది కట్టె నుంచి లేచే వాయువు పైనున్న మంటలోంచి పోతూ కాలిపోతుంది, అందువల్ల మొదటి పది నిమిషాల పొగ బాగా తగ్గుతుంది. తరువాత నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడే ఒకటి రెండు కట్టెలు వేసి, అవి అంటుకునేదాకా గాలి తెరిచి ఉంచండి. ముట్టించిన ఇరవై నిమిషాలకు ఒకసారి వీధిలోకి వెళ్లి చిమ్నీ వైపు చూడండి; ఏమీ కనబడకపోతే అంతా సరిగ్గా ఉన్నట్లు.

అమరిక ఖర్చు స్టవ్ ధరతో సమానంగా, ఒక్కోసారి దాన్ని మించి ఉంటుందని ముందే తెలిసి ఉండటం మంచిది. పాత చిమ్నీలో స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ (పొగ పోయే లోపలి గొట్టం) దించాలి, స్టవ్ కింద మండని పలక ఉండాలి, గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. పని చేసేది హెటాస్ (స్టవ్‌లు అమర్చేవారిని నమోదు చేసే సంస్థ) నమోదు ఉన్న ఫిట్టర్ అయితే ధ్రువపత్రం ఆయనే ఇస్తారు, లేకపోతే కౌన్సిల్ భవన నియంత్రణ విభాగానికి ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. ఇల్లు అమ్మేరోజున లాయరు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.

స్టవ్ అమ్మేవాడిగా రాయడం కొంచెం కష్టమైన విషయం కూడా ఉంది. ఇటీవలి ప్రభుత్వ లెక్కల ప్రకారం యూకేలో మానవ కార్యకలాపాల వల్ల వెలువడే పీఎం 2.5 ధూళిలో, అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరేంత సూక్ష్మమైన ధూళిలో, గణనీయమైన భాగం ఇళ్లలో కట్టెలు కాల్చడం వల్లనే వస్తోంది. ఎంత మంచి లాగ్ బర్నర్ అయినా, అంతే వేడికి గ్యాస్ బాయిలర్ వదిలేదానికన్నా వందల రెట్లు ఎక్కువ సూక్ష్మ ధూళిని వదులుతుంది. తక్కువ ఉద్గారం అంటే పాత స్టవ్‌తోనూ తెరిచిన ఫైర్‌ప్లేస్‌తోనూ పోలిస్తే తక్కువ అని మాత్రమే. కట్టె వేయడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ కొంత ధూళి గదిలోకీ వస్తుంది. అందువల్ల ఇంట్లో ఆస్తమా ఉన్నవారు, నెలల పిల్లలు, గుండె జబ్బున్న పెద్దలు ఉంటే, సెంట్రల్ హీటింగ్ బాగానే పనిచేస్తుంటే, కొనవద్దనే చెబుతాము. తల్లిదండ్రులు ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు, వారికి చలి తగలకూడదు అని స్టవ్ కొనాలనుకునేవారు ఈ మాటను కాస్త ఎక్కువగా ఆలోచించాలి. అదే డబ్బుతో కిటికీలు, లాఫ్ట్ ఇన్సులేషన్ బాగుచేయించడం వారికి ఎక్కువ మేలు చేస్తుంది. ఆ పనులు మేము చేయము, కాబట్టి ఇందులో మాకు వచ్చేదేమీ లేదు.

ఇప్పటికే స్టవ్ ఉన్న పాత వినియోగదారులకు ఒక మాట. మీది జాబితాలో లేని మోడల్ అయి, మల్టీఫ్యూయల్ రకమైతే (కట్టెలే కాక ఇతర ఘన ఇంధనాలూ కాల్చగలిగేది), దానిలో ఆమోదిత పొగరహిత ఇంధనాన్ని నిరభ్యంతరంగా కాల్చవచ్చు; కట్టెలు మాత్రం మానాలి. కట్టెలకు మాత్రమే చేసిన స్టవ్‌లో ఆ ఇంధనం వేయకూడదు, లోపలి భాగాలు ఆ వేడికి నిలవవు. కొన్ని కంపెనీలు పాత మోడళ్లకు గాలి బిళ్ల కిట్ విడిగా అమ్ముతాయి, మీ స్టవ్ వెనక ఉన్న లోహపు పట్టీ ఫోటో పంపితే దొరుకుతుందో లేదో కనుక్కుంటాము. ఏ స్టవ్ అయినా తలుపు చుట్టూ ఉన్న తాడు సీలును పరీక్షించుకోవడం మీ చేతిలో పనే: స్టవ్ చల్లగా ఉన్నప్పుడు కాగితం ముక్క ఒకటి తలుపు సందులో పెట్టి మూసి లాగండి, తేలిగ్గా ఊడివస్తే తాడు మార్చాలి. చిమ్నీని ఏడాదికి కనీసం ఒకసారి, రోజూ వాడేవారు రెండుసార్లు శుభ్రం చేయించాలి.

అక్టోబరు వచ్చిందంటే ఫిట్టర్లు, చిమ్నీ శుభ్రం చేసేవారు దొరకడం కష్టం. క్రిస్మస్‌కు స్టవ్ వెలగాలనుకునేవారు సెప్టెంబరు లోపు గది కొలతలు, ఫైర్‌ప్లేస్ ఫోటో, ఇంటి బయటి నుంచి చిమ్నీ కనబడేలా ఇంకో ఫోటో పంపితే, ఇల్లు చూడటానికి ఎప్పుడు రావాలో మేమే ఫోన్ చేసి చెబుతాము. ఆ సందర్శనకు రుసుము లేదు, కొనవద్దని చెప్పి వెళ్లినా సరే.