నాయనకు, పరంగి (బొప్పాయి) తోట గురించి

నాయనా,

నేను బాగుండా. పని మామూలే, డబ్బు మొన్ననే పంపినా. ఫోన్లో చెప్తే సగమే వింటావు, అందుకే రాస్తాండా.

ఫోటోలు చూసినా. చిగురాకులు పసుపు మచ్చలతో ముడుచుకొని, కాయల మీద ఉంగరాల గుర్తులుంటే అది రింగ్ స్పాట్ వైరస్సే. దానికి మందు లేదు. అంగడాయన ఏ డబ్బా చేతిలో పెట్టినా కొనొద్దు. తెగులు చెట్టును వేర్లతో పెరికి కాల్చెయ్. ఇంకో చెట్టుకు మోసేది పేనుబంక. పక్క మడిలో గుమ్మడి, కళింగర ఉంటే తీసెయ్, ఆ వైరస్సు వాటికీ పట్టుకుంటాది. గట్టెంబడి రెండు మూడు సాళ్లు జొన్న వెయ్యి. పురుగు ముందు జొన్న మీద వాలి కుట్టిందంటే నోటికంటిన వైరస్సు ఆడనే పోతాది. హవాయి దీవుల్లో తోటలను ఊడ్చేసింది ఈ తెగులే. 1998లో జన్యువు మార్చిన రెయిన్‌బో రకం వచ్చినాకే ఆడి రైతులు తేరుకున్నారు.

మన తాడిపత్రి రేగడిలో నీళ్లు బిర్రన దిగవు. చెట్టు మొదలు కాడ నిలిస్తే కాండం కుళ్లి చెట్టు ఒరిగిపోతాది. మొదలుకు మట్టి ఎగదోసి, డ్రిప్పు పైపు అడుగు దూరం జరుపు.

కాయ మీద ఒక పసుపు చార దిగినాకే కొయ్. ముందే కోస్తే మెత్తబడుతుందే గానీ తీపెక్కదు. మామిడి మాదిరి తీపిగా మారే పిండి దీంట్లో లేదు. కార్బైడు జోలికి పోవద్దు.

ఇది మన చెట్టు కాదంట, తెలుసా? పుట్టింది దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా. 16వ శతాబ్దంలో స్పెయిన్, పోర్చుగీసు ఓడల్లో తూర్పుకు వచ్చింది. పరంగి అంటేనే విదేశపోడు. ఇప్పుడు అది ఊరిదైంది, నేను పరంగినైనా.

షుగరని అమ్మకు పూర్తిగా మాన్పించొద్దు. నూరు గ్రాముల పండులో చక్కెర 8 గ్రాములే, విటమిన్ సి మాత్రం 60 మిల్లీగ్రాములు. దినానికి చిన్న గిన్నెడు ముక్కలు చాలు. జ్యూస్ వద్దు, వడగడితే పీచు పోతాది. డెంగీ జ్వరమొస్తే ఆకు పసరు నమ్ముకొని ఆస్పత్రికి ఆలస్యం చేయొద్దు.

చెల్లెలికి ఐదో నెల కదా. పచ్చికాయ కూర, దోరకాయ ముట్టొద్దని చెప్పు, ఆ పాలకు గర్భసంచి ముడుచుకునే ప్రమాదముంది. బాగా మాగిన పండు సంగతి డాక్టరమ్మను అడగమను. నేను చెప్తే కోప్పడతాది, నువ్వే చెప్పు.

నీ కొడుకు