శీనుకి, పుండు పట్టీ ప్రింటింగ్ గురించి

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

పుండు మీద వేసే పట్టీని త్రీడీ ప్రింటర్‌తో చేద్దామంటున్నావు, మంచి పని. అయితే ప్రింటరెందుకో ముందు తేల్చుకో. ఉత్త జెల్ పొరే కావాలంటే పళ్ళెంలో పోసినా వస్తుంది. మనకి కావాల్సింది వల. పోగుకీ పోగుకీ మధ్య సందెంతో మన చేతిలో ఉంటుంది, నీరు బాగా కారే షుగర్ పుండుకైతే సందు పెంచుకోవచ్చు. ఈ వలని జెలటిన్, ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) కలిపి చేస్తాం. ఎండిన పుండుకి మాత్రం ఆల్జినేట్ జోలికే వెళ్ళకు, ఉన్న తడి కూడా పీల్చేస్తుంది.

పాళ్ళు ఇవీ: 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌కి 6 గ్రాముల జెలటిన్, 4 గ్రాముల సోడియం ఆల్జినేట్. 50 డిగ్రీల నీళ్ళలో ముందు జెలటిన్ కరిగించు. ఆల్జినేట్‌ని స్టిర్రర్ తిరుగుతుండగా చిటికెడు చిటికెడుగా చల్లాలి. ఒక్కసారే గుమ్మరిస్తే పైన జిగురు, లోపల పొడి ఉండే ఉండలు కడతాయి, తర్వాత సూదికి అడ్డం పడేవి అవే. సిరంజిలోకి తీశాక వెచ్చగా ఉండగానే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి బుడగలు పోగొట్టు.

22 గేజ్ సూది (లోపల 0.41 మి.మీ.), పొర ఎత్తు 0.3 మి.మీ., పోగుల మధ్య 1.2 మి.మీ., వేగం సెకనుకి 10 మి.మీ. దగ్గర మొదలుపెట్టు. సిరంజిని 25 డిగ్రీలకి దించి కాసేపాగి సూది కొస చూడు. బొట్టు కడుతోందా, ఇంకా వేడి తగ్గలేదు. గరుకుగా తునకలొస్తున్నాయా, మరీ గడ్డకట్టింది. నున్నటి దారంలా వేలాడితే అప్పుడు కొట్టు ప్రింటు.

మన వైజాగ్‌లో అసలు తంటా గాలిలో తేమతోనే. గది 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే, 25 కంటే చల్లగా ఉన్న దేనిమీదైనా చెమ్మ పడుతుంది. పోగులు పడే ప్లేటుని 15కి చల్లబరిచావో, నీళ్ళు పట్టి పోగులు పాకిపోయి సందులు పూడిపోతాయి. ఏసీ వేసి గదిని 24 డిగ్రీలకీ, తేమని 50 శాతానికీ తెస్తే ఆ హద్దు 13కి దిగుతుంది. ప్లేటు పక్కనే తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకోరా.

ప్రింటయ్యాక ఆల్జినేట్ గట్టిపడడానికి 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణాన్ని ముందు స్ప్రే చేసి, తర్వాత పది నిమిషాలు నానబెట్టు. నేరుగా పోస్తే వల లేచిపోతుంది. గంటలకొద్దీ వదిలేస్తే ముడుచుకుని పెళుసెక్కుతుంది. కడగడానికి ఫాస్ఫేట్ బఫర్ వద్దు, కాల్షియంని లాగేస్తుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, నాకది నచ్చదు. కాల్షియం పట్టి ఉంచేది ఆల్జినేట్‌ని మాత్రమే. జెలటిన్ చల్లదనానికి గడ్డకట్టిందంతే, ఒంటి వేడికి కరిగి బయటికొచ్చేస్తుంది. అందుకే పట్టీని 37 డిగ్రీల దగ్గరే పరీక్షించాలి, అదీ ఉత్త నీళ్ళలో కాదు. లీటరులో 8.298 గ్రాముల సోడియం క్లోరైడ్, 0.368 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ కలుపు. అరగంటకి తూచి ఎంత పీల్చిందో రాసుకో. మర్నాడు ఫోర్సెప్స్‌తో ఒక మూల పట్టి ఎత్తు. ముక్కలుగా ఊడొస్తే జెలటిన్ బదులు వెలుతురుతో గట్టిపడేలా మార్చిన జెలటిన్, అంటే జెల్‌ఎంఏకి మారాల్సిందే.

క్రిములు చంపడానికి ఆటోక్లేవ్‌లో (ఆవిరి యంత్రంలో) పెట్టకు, 121 డిగ్రీలకి వల ఆకారమే మిగలదు. దాని బదులు గామా కిరణాలు 25 కిలోగ్రేల మోతాదులో ఇప్పించినా ఆల్జినేట్ గొలుసులు తెగి మెత్తబడుతుంది, కాబట్టి ఆ తర్వాత పరీక్షలన్నీ మళ్ళీ చెయ్యి. ఆ లెక్కలు చేతికొచ్చాకే కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) డాక్టర్లని కలుద్దాం. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఎవరి పుండు మీదా పెట్టకూడదు.

నీ
రమణ