నెలవారీ హాజరుకు రసీదు ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరాలకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. జైలుకు వెళ్లకుండా ఊళ్లోనే ఉంటూ శిక్ష అనుభవించేవాళ్లు ఇకపై పెరుగుతారు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద ఏడాది పాటు పర్యవేక్షణలో బతికినవాడిగా నేను చూసిన సంగతులు రాస్తున్నాను.

దాళ్వా నీటి వంతు విషయమై బోదె గట్టున మొదలైన తగాదాలో పక్క పొలం రైతును పార కర్రతో కొట్టాను. తప్పు నాదే. కోర్టు నన్ను దోషిగా తేల్చి, జైలుకు పంపకుండా సెక్షన్ 4 కింద రెండేళ్ల సత్ప్రవర్తన బాండు మీద వదిలిపెట్టింది. మొదటి ఏడాది ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉండాలని, మద్యం ముట్టకూడదని, చెప్పకుండా నివాసం మార్చకూడదని, గాయపడిన రైతుకు పరిహారం కట్టాలని షరతులు పెట్టింది. ఈ షరతులను ముద్దాయికి వివరించి ఉత్తర్వు ప్రతిని వెంటనే ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ప్రతి ఇచ్చారు, కాని అది ఇంగ్లిషులో ఉంది. “నెలనెలా వెళ్లి సంతకం పెట్టు, మందు జోలికి పోకు” అని వకీలుగారు కోర్టు మెట్లు దిగుతూ చెప్పిన రెండు ముక్కలే నాకు అర్థమైన తీర్పు.

మా ఊళ్లో ప్రొబేషన్ అంటే సచివాలయ ఉద్యోగులకు డిక్లేర్ చేసేదే. మావాడు ప్రొబేషన్‌లో ఉన్నాడని మా అమ్మ ఎవరితోనో అంటే, ఏ శాఖలో అని అడిగారట.

నేను మోటారు వైండింగు పని చేస్తాను. సంతకం రోజున కొట్టు మూసి, గంటన్నర బస్సులో కూర్చుని జిల్లా కేంద్రానికి వెళ్లేవాణ్ణి. ఆ అధికారికి పర్యవేక్షణతో పాటు కోర్టులకు విచారణ నివేదికలు ఇచ్చే పని కూడా ఉంటుంది కాబట్టి, సారు క్యాంపుకు వెళ్లారనే మాట తరచూ వినపడేది. వచ్చినట్టు రాసుకోండని అడిగితే, రిజిస్టరు సారు బీరువాలో ఉందనేవారు. షరతు తప్పినవాడికి, మొదటిసారైతే, కోర్టు యాభై రూపాయల వరకు జరిమానాతో సరిపెట్టవచ్చు, లేదా అసలు నేరానికే శిక్ష వేయవచ్చు. నా గైర్హాజరు ఈ రెండింటిలో దేని కిందికి వస్తుందో తెలియక, వెళ్లిన ప్రతిసారీ బస్సు టికెట్లను పాలిథిన్ కవరులో దాచుకున్నాను. మూడో నెలలో తీసి చూస్తే మొదటి టికెట్టు మీద అక్షరాలు మాసిపోయి తెల్లకాగితం మిగిలింది. అప్పటినుంచి బస్సు దిగగానే టికెట్టుకు జిరాక్సు తీయించడం అలవాటయింది.

అధికారి మంచివారని చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఒకసారి మామూలు చొక్కాతో మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, కొడుకు ఇంట్లో డబ్బు ఇస్తున్నాడా అని మా అమ్మను అడిగి, మజ్జిగ తాగి వెళ్లారు. ఎవరో చుట్టం వచ్చారనుకున్నారు ఊళ్లోవాళ్లు. అదే వారంలో ఒక కానిస్టేబులు టీ కొట్టు దగ్గర బండి ఆపి, నా పేరు పెట్టి, వాడు ఊళ్లోనే ఉన్నాడా అని నలుగురిలో అడిగాడు. కోర్టు నన్ను అప్పగించింది ప్రొబేషన్ అధికారికి అని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ తర్వాత చాలా రోజులు మోటార్లు పక్క ఊరి కొట్టుకు వెళ్లాయి. బావమరిది పెళ్లిలో గ్లాసు వద్దన్నందుకు పడిన మాటలు దీని ముందు లెక్కలోకి రావు.

నడవడి బాగుంటే గడువుకు ముందే బాండు రద్దు చేయమని అధికారి కోర్టును కోరవచ్చని ఏడాది పూర్తయ్యాక తెలిసింది. ప్రొబేషన్ మీద విడుదలైనవారికి నేర నిర్ధారణ వల్ల వచ్చే అనర్హతలు అంటవని సెక్షన్ 12 చెబుతోంది. అయితే ప్రొబేషన్ వల్ల నేర నిర్ధారణ చెరిగిపోదని 1990లో బక్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఈమధ్య ఒక కంపెనీ దరఖాస్తులో ‘ఎప్పుడైనా నేర నిర్ధారణ జరిగిందా’ అన్న గడిలో అవునని రాశాను. మళ్లీ పిలుపు రాలేదు.

జైలు తప్పించిన చట్టం మీద నాకు ఫిర్యాదు లేదు. సంబంధిత శాఖను కోరేది రెండే: హాజరైన ప్రతిసారీ, అధికారి ఉన్నా లేకున్నా, తేదీ వేసి ముద్ర కొట్టిన చీటీ చేతికివ్వాలి, షరతుల ప్రతిని తెలుగులో ఇవ్వాలి. చీటీ ఉండి ఉంటే ఆ జిరాక్సు కట్టను నేను ఇంకా దాచుకునేవాణ్ణి కాదు.

మా చెల్లెలికి సంబంధాలు చూస్తున్నందున నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి.

భవదీయుడు,
గోదావరి డెల్టా నుంచి ఒక పాఠకుడు