ఫిజీ కావా: ఇకపై పొడి ఉండదు, ఎండు వేళ్లే అమ్ముతాం

నమస్కారం. కావా అంటే ఒక మొక్క వేరును దంచి నీళ్లలో కలిపి తాగే పానీయం. వచ్చే సరుకు నుంచి మా ఆక్లండ్ షాపులో ఫిజీ కావా పొడి ప్యాకెట్లు ఉండవు. ఎండు వేళ్లు మాత్రమే దొరుకుతాయి. ధర కూడా పెరుగుతోంది, ఇప్పట్లో తగ్గేలా లేదు. ఎందుకో వివరంగా చెప్తాం.

కావాకు విత్తనం రాదు. కాండం కణుపులు నాటితేనే మొక్క వస్తుంది, వేరు తవ్వడానికి మూడు నుంచి ఐదేళ్లు ఆగాలి. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీలోని కోరో దీవిని ఊడ్చేసినప్పుడు తోటలతో పాటు మళ్లీ నాటడానికి కావలసిన కణుపులూ పోయాయి. 2020 ఏప్రిల్‌లో హెరాల్డ్ తుపాను కడవు దీవిని, డిసెంబరులో యాసా తుపాను బువా ప్రాంతాన్ని దెబ్బతీశాయి. తుపాను లేని ఏడాది కూడా నిశ్చింత లేదు. పేనుబంక మోసుకొచ్చే కుకుంబర్ మొజాయిక్ వైరస్ సోకితే కాండం మెత్తబడి కుళ్లిపోతుంది. ఇంతలో 2021 డిసెంబరు నుంచి ఆస్ట్రేలియా వ్యాపార దిగుమతికి తలుపులు తెరిచింది. గిరాకీ అప్పటికప్పుడే పెరిగింది, పంట అలా పెరగదు కదా.

మనలో చాలామందికి ఫిజీ అంటే చెరకే. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది చేరింది ఆ చెరకు తోటల్లోనే. 1994లో 40 లక్షల టన్నులు దాటిన చెరకు దిగుబడి ఇటీవలి సీజన్లలో 20 లక్షలకు దిగువనే ఉంది. కౌలు గడువులు 1997 నుంచి తీరుతూ వచ్చాయి, చాలామంది రైతులు పొలాలు వదిలేశారు. మంచి ధరకు పంచదార కొన్న యూరప్ ఒప్పందం 2009తో ముగిసింది. కావా సంగతి వేరు. ఇది ఎక్కువగా ఇతౌకేల (ఫిజీ మూలవాసుల) పల్లెల ఉమ్మడి భూముల్లో, కొండవాలుల్లో పండుతుంది. మిల్లు అక్కర్లేదు కాబట్టి డబ్బు నేరుగా ఊరికి చేరుతుంది. అందుకే పండించేవాళ్లతో ధర దగ్గర గీచి గీచి బేరమాడే ఉద్దేశం మాకు లేదు.

ఇక పొడి సంగతి. పక్కలకు పాకే వేళ్లను వాక అంటారు, ఘాటు ఎక్కువ, ధరా ఎక్కువే. మొదలు భాగాన్ని కోసి ఎండబెట్టిన ముక్కలు లెవెనా, కాస్త మెతక. కాండం ముక్కలు, చెక్కు తాగడానికి పనికిరావు. అవన్నీ పొడిలో కలిసిపోతే కంటితో పట్టుకోలేం. ఎండు వేరే అయితే దాచడానికేమీ ఉండదు. చేత్తో విరిచి చూడండి: టక్కున విరగాలి, వంగితే సరిగా ఎండనట్టే. దాదాపు ఐదు కిలోల పచ్చి వేరు ఎండితే ఒక కిలో వస్తుంది. అందుకే తూకం కోసం సగం ఎండినది అమ్మే ఆశ కొందరికి ఉంటుంది. తేమ 12 శాతం మించితే సంచిలోనే బూజు పడుతుంది. మట్టి అంటిన వేళ్లు బయోసెక్యూరిటీ (బయటి తెగుళ్లు, పురుగులు దేశంలోకి రాకుండా చూసే) తనిఖీలో ఆగిపోతాయి, కడిగి ఎండబెట్టినవే తెప్పిస్తున్నాం.

పొడి కావాలంటే మీ ముందే దంచి ఇస్తాం. ఒక వారానికి సరిపడా చాలు, దంచాక వాసన తగ్గిపోతుంది. మిగతా వేళ్లు గాలి చొరని డబ్బాలో ఉంచండి.

కలిపేటప్పుడు చన్నీళ్లే వాడండి. పొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి, నీళ్లలో పది నిమిషాలు పిసికి పిండండి. వేడి నీళ్లు పోస్తే వేరులోని పిండి గంజిలా చిక్కబడి గుడ్డలోంచి దిగదు. పైగా ఇక్కడి ఆహార నిబంధనలు ఒప్పుకునేది చన్నీటి కావానే. జర్మనీ కావాను నిషేధించిందని మీరు విని ఉండొచ్చు. 2002లో అక్కడ నిషేధించినవి ఆల్కహాల్, అసిటోన్‌లతో తీసిన సారాలతో చేసిన మందులు. ఆ నిషేధాన్ని 2014లో అక్కడి కోర్టు కొట్టేసింది. అయినా మద్యంతో కలిపి తాగొద్దు, తాగాక బండి నడపొద్దు. కాలేయ సమస్య ఉన్నవాళ్లకు, గర్భిణులకు మేం అమ్మం.

వచ్చే ఓడ సరుకు దిగేదాకా మనిషికి అరకిలో మాత్రమే ఇస్తాం. వాక, లెవెనా విడివిడిగా తూచి, బిల్లులో ఏది ఎంతో రాసిస్తాం.