బయోసిమిలర్ నకిలీ మందు కాదు

సంపాదకులు గారికి,

ఇటీవల ఒక ఆదివారం మీ జిల్లా పేజీలో నకిలీ మందుల గురించి వచ్చిన వార్త చదివి వారం దాటింది. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. నకిలీ మందులు అమ్మేవారిని పట్టుకోవలసిందే. కానీ ఆ వార్త చివర ‘బయోసిమిలర్ల పేరిట అంటగడుతున్న చౌక నకళ్లు’ అని ఒక ముక్క కలిపారు. బయోసిమిలర్ అంటే, జీవకణాలతో చేసే ఒక మందును పోలినదాన్ని మరో కంపెనీ చేసి, పరీక్షల్లో నెగ్గి అనుమతి పొందిన మందు. ఆ ముక్క మా ఇంట్లో ఎంత పని చేసిందో మీకు తెలియాలి.

మా వదినకు రొమ్ము క్యాన్సర్. అందులో హెర్-2 పాజిటివ్ రకం, అంటే క్యాన్సర్ కణాలపై హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండేది. మూడు వారాలకోసారి, ఏడాది పాటు, ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్ ఎక్కించాలి. డాక్టరు రాసింది బయోసిమిలరే. తొమ్మిదో డోసుకు విశాఖ వెళ్లవలసిన ముందు రోజు మా అన్నయ్య కొడుకు మీ పత్రిక పట్టుకుని వచ్చాడు. ‘బాబాయ్, ఇన్నాళ్లూ అమ్మకు ఎక్కించింది నకిలీ మందా?’ అన్నాడు. ఆ మాట విని వదిన ఇక వెళ్లనని పడుకుంది. నచ్చజెప్పి రావులపాలెంలో బస్సు ఎక్కించేసరికి నాలుగు రోజులు పోయాయి.

నేను ముప్పై ఏళ్లు జీవశాస్త్రం పాఠం చెప్పాను. పారాసెటమాల్ వంటి మందును రసాయనాలతో చేస్తారు. ఎవరు చేసినా అదే అణువు, మొదటి కంపెనీ కాక వేరేవారు చేసినదాన్ని జెనరిక్ అంటాం. ట్రాస్టుజుమాబ్ అలా పుట్టదు. హామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయ కణాలను పెద్ద తొట్లలో పెంచి, వాటి చేత తయారు చేయించే ప్రోటీన్ అది. ఒకే గేదె పాలకు ఒకే తోడు వేసినా నిన్నటి పెరుగు, నేటి పెరుగు అచ్చంగా ఒకటి కావు. అలాగని పక్కింటి పెరుగును నకిలీ అనం కదా! మొదట కనిపెట్టిన కంపెనీ మందులోనూ బ్యాచికీ బ్యాచికీ స్వల్ప తేడాలుంటాయి. ఆ మందుతో పక్కపక్కన పెట్టి పోల్చి, గుణంలోనూ భద్రతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదని చూపితేనే బయోసిమిలర్‌కు అనుమతి. మన దేశంలో ఇందుకు 2012లో మార్గదర్శకాలు వచ్చాయి, 2016లో సవరించారు. కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే రిటుక్సిమాబ్ బయోసిమిలర్‌ను 2007లోనే హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తెచ్చింది. బెంగళూరు బయోకాన్ మరో కంపెనీతో కలిసి తెచ్చిన ట్రాస్టుజుమాబ్‌కు 2017లో అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ కూడా అనుమతి ఇచ్చింది. మనవాళ్లు సాధించిన ఇటువంటి పనిని ఒక్క మాటతో నకళ్లని కొట్టిపారేశారు.

రాయవలసినవి వేరే ఉన్నాయి. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. మేము మే నెలలో మూడో డోసుకు వెళ్లినప్పుడు ఒక దుకాణంలో మందు సీసాను ఉత్త ప్లాస్టిక్ సంచిలో వేసి చేతికిచ్చారు. ఐసు పెట్టె అడిగితే విసుక్కున్నారు. తీసుకోకుండా వచ్చేశాము. బ్రాండు మారితే ఆ సంగతి డాక్టరుకు తెలియాలి, పేరూ బ్యాచి నంబరూ కేసు కాగితాల్లో ఉండాలి. రేపు ఏ ఇబ్బందైనా వస్తే ఆచూకీ తీసేది వాటితోనే. ఇవి అడిగిన అధికారిని ఈ ఏడాదిలో ఒక్కరిని చూడలేదు. మా వరిచేలో చల్లే పురుగుమందు డబ్బాలో తెలుగు కాగితం ఉంటుంది. మనిషి నరంలోకి ఎక్కించే మందు పెట్టెలో మాత్రం చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలే. ఆరోగ్య శాఖ వారు తెలుగులో ఒక్క పేజీ అచ్చువేసి రోగుల చేతిలో పెట్టలేరా? లంక గ్రామాల నుంచి పడవ దాటి వైద్యానికి వచ్చేవారు ఎవరిని అడగాలి? వారికి మిగిలిన ఆధారం పత్రిక. ఆ పత్రికే తెలిసినవారి చేత ఒకసారి చదివించకుండా అచ్చువేస్తే ఎలా?

సవరణ వేయండి. అదే పేజీలో, అదే పరిమాణం అక్షరాలతో వేయండి. ఈ నెలలోనే వదినకు పదో డోసు ఉంది. ఆ లోగా వస్తే ఆమెకు చదివి వినిపిస్తాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబాజీపేట