కుర్చీ లాక్కుని పది నిమిషాలు

ఏమే డాక్టరమ్మా,

పిల్లల వైద్యంలో పీజీ సీటు వచ్చిందని నువ్వు మెసేజ్ పెట్టి పది రోజులైంది. నేనేమో ఒక హార్టు బొమ్మ పంపి ఊరుకున్నాను. కోపం తెచ్చుకోకు. ఫోన్ చేద్దామనే అనుకున్నాను కానీ, ఇది ఫోన్లో తెమిలే విషయం కాదు. సగంలో నువ్వు "సర్లేవే" అంటావు, నేను ఏడుస్తాను. అందుకని ఉత్తరం. పాప పడుకున్నప్పుడు కొంచెం, లేచాక ఒంటిచేత్తో కొంచెం రాస్తున్నాను. ఎక్కడైనా అతుకులు కనిపిస్తే సర్దుకుని చదువుకో.

ముందు శుభాకాంక్షలు. మనందరిలో ఈ సీటుకి తగినదానివి నువ్వే, ఆ మాట హాస్టల్లో ఉన్నప్పుడే చెప్పాను. ఇక ఫిర్యాదు. నీ మీద కాదులే, నువ్వు చేరబోతున్న బృందం మీద. ఎనిమిది నెలలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

పాప పుట్టిన మూడో రోజు సంగతి నీకు ముక్కలు ముక్కలుగా చెప్పానే తప్ప పూర్తిగా చెప్పలేదు. పుట్టినప్పుడు 3 కిలోల 100 గ్రాములు. మూడో రోజు పొద్దున తూస్తే 2 కిలోల 850. రౌండ్స్‌కి వచ్చిన పిల్లల డాక్టరు కాగితం చూశాడు, పాప కళ్ళు, పొట్ట చూశాడు. "పాలు చాలట్లేదమ్మా, బరువు తగ్గింది. పాలిచ్చిన ప్రతిసారీ తర్వాత 30 ఎంఎల్ డబ్బా పాలు పట్టండి" అని రాసేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. రెండు నిమిషాలు పట్టిందేమో. తమాషా ఏమిటంటే, ఆయన నిలబడిన చోటే, తల మీదుగా, ఫ్రేము కట్టిన పోస్టరు ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1989లో ఆస్పత్రుల కోసం ఇచ్చిన పది సూత్రాలు. వైద్యపరంగా అవసరమైతే తప్ప తల్లిపాలు కాక వేరేవి పట్టొద్దన్నది అందులో ఒకటి. ఆ మంచం మీద పడుకుని నాకు వేరే పనేముంది, రోజూ అదే చదివేదాన్ని.

ఇప్పుడు లెక్క వేసుకుంటే ఒళ్ళు మండుతుంది. 250 గ్రాములంటే ఎనిమిది శాతం. మొదటి రోజుల్లో పిల్లలు ఏడు శాతం వరకూ తగ్గడం మామూలేననీ, పది దాటితే ఆందోళన పడాలనీ, రెండు వారాలు తిరిగేలోపు పుట్టినప్పటి బరువుకి వచ్చేస్తారనీ నాకంటే నీకే బాగా తెలుసు. పైగా నాకు ఆపరేషన్. పాలు బాగా పడటం ఆలస్యమవుతుంది. కాన్పప్పుడు సెలైన్ సీసా మీద సీసా ఎక్కించారు కదా, ఆ నీరు బిడ్డకీ కొంత చేరి పుట్టినప్పటి బరువునే కాస్త ఎక్కువ చేసి చూపించొచ్చట. ఇదంతా ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రాత్రి నేను పాపని ఒళ్ళో పెట్టుకుని "నీకు అన్నం పెట్టలేని అమ్మ దొరికిందే" అని ఏడ్చేదాన్ని కాదు.

సరే, ఎనిమిది శాతాన్ని కొట్టిపారేయమని నేననట్లేదు. అక్కడ ఆగి చూడాలి. చూడటమంటే బిడ్డ పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూడటం. ఆస్పత్రిలో ఉన్న ఐదు రోజుల్లో నా బీపీ చూశారు, కుట్లు చూశారు, గంటగంటకీ జ్వరం చూశారు. పాలు మాత్రం గుమ్మం దగ్గర నిలబడే అడిగారు. "పాలిస్తున్నారామ్మా?" "ఆ, ఇస్తున్నానండీ." టిక్కు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఇంతలో చనుమొనలు పగిలాయి. పాప నోరు పెడితే గాజుపెంకుతో గీసినట్టుండేది. వారం తర్వాత కుట్లు చూపించుకోడానికి వెళ్ళి గైనకాలజిస్టుతో చెబితే, "మొదట్లో నొప్పి సహజమమ్మా, అలవాటైపోతుంది. తాగడం గురించైతే పిల్లల డాక్టర్ని అడగండి" అంది. పిల్లల డాక్టర్ని అడిగితే, "అది మీ గైనకాలజిస్టు చూడాలి" అన్నాడు. కడుపు ఒకరిది, బిడ్డ ఇంకొకరిది. మధ్యలో ఉన్న రొమ్ము ఎవరి డిపార్ట్‌మెంటో ఇప్పటికీ నాకు అర్థం కాలేదే. నువ్వు చేరాక వాళ్ళనీ వీళ్ళనీ కనుక్కుని చెప్పు.

డబ్బా పాలు పట్టాక పాప హాయిగా మూడు గంటలు పడుకునేది. ఇంట్లో అందరూ "చూశావా, ఆకలే పాపం" అన్నారు. నేనూ నమ్మేశాను. పడుకున్న ఆ మూడు గంటలూ నా రొమ్ములు నిండి, గట్టిపడి, చివరికి ఊరుకున్నాయి. నీకు పాఠం చెబుతున్నానని నవ్వకు. పాలు ఎంత బయటికి పోతే అంత తయారవుతాయి, లోపలే నిలిచిపోతే తయారీ తగ్గిపోతుంది, అంతే కదా? ఆ సంగతి మందు చీటీ రాసినాయనకి తెలియకుండా ఉంటుందా? డబ్బా పాలు రాసినప్పుడు, దాంతోపాటే పాలు పిండమని కూడా ఒక లైను రాసి ఉండాల్సింది. అలా పిండిన పాలే ముందు పట్టి, చాలకపోతే అప్పుడు డబ్బా తీయొచ్చు. ఆ లైను లేదు. రెండో వారానికి 30 కాస్తా 60 అయింది, తర్వాత 90. పాలు లేవన్న మాట మూడో రోజు అబద్ధమే, పదిహేనో రోజుకి నిజమైపోయింది.

ఇక్కడ ఆపి పాపని ఊపొచ్చాను. ఎక్కడున్నాం? ఆ, పద్దెనిమిదో రోజు.

బరువు తూయించడానికి వెళ్ళాం. వరండాలో పాప గుక్కపట్టి ఏడుస్తుంటే ఒక మూలకి జరిగి పాలిస్తున్నాను. నోరు పెట్టగానే నేను పళ్ళు బిగించి, కాలి వేళ్ళు ముడుచుకోవడం ఒక పెద్ద వయసు నర్సు చూసింది. చేతిలో ఉన్న ఫైళ్ళు కింద పెట్టి, కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు. చూస్తూ కూర్చుంది, అంతే. ఆవిడ అలా కూర్చునేసరికే నాకు గొంతు పూడుకుపోయింది. కాసేపటికి పాపని తీయించి చనుమొన చూపించింది. కొత్త లిప్‌స్టిక్ కొసలా ఒక పక్కకి వాలి, నొక్కుకుపోయి ఉంది. "ఇది చూశారా? పాప మొన మాత్రమే పట్టుకుంటోందమ్మా, రొమ్ము పట్టట్లేదు. మీకు నొప్పి, దానికి పాలు రావు. ఇద్దరి కష్టమూ ఒక్కటే" అంది.

పాప పొట్ట నా పొట్టకి ఆనేట్టు తిప్పింది. అంతకుముందు అది వెల్లకిలా పడుకుని మెడ మాత్రం పక్కకి తిప్పి తాగేది. నువ్వు అలా మెడ తిప్పి గ్లాసుడు నీళ్ళు తాగి చూడు, తెలుస్తుంది. ముక్కు మొనకి ఎదురుగా పెట్టించింది. "ఆగండి, ఆగండి, నోరు ఇంకా తెరవాలి" అంటూ నన్ను ఆపి, పాప ఆవులించినంత నోరు తెరవగానే "ఇప్పుడు" అని వీపు మీద చేయి వేసి నా వైపు దగ్గరకి తెచ్చింది. గడ్డం ముందు ఆనింది. నల్లభాగం చాలావరకు నోట్లోకి వెళ్ళింది. నేను అలవాటుగా పళ్ళు బిగించుకుని నొప్పి కోసం ఎదురుచూస్తున్నాను. రాలేదే! గట్టిగా లాగుతున్నట్టుంది, అంతే. కాసేపటికి చేపుకొచ్చాయి. "వినండి" అంది నర్సు. పాప గుటక వేస్తోంది. పద్దెనిమిది రోజుల్లో నేను ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి.

మొత్తం పది నిమిషాలు. మిషన్లు లేవు, టెస్టులు లేవు.

డబ్బా పాలు ఒక్కసారిగా మానొద్దని కూడా ఆవిడే చెప్పింది. కొంచెం కొంచెం తగ్గించుకుంటూ, తాగాక మిగిలినవి పిండుతూ, రోజుకి కనీసం ఆరుసార్లు ఉచ్చ పోస్తోందో లేదో లెక్కపెట్టుకుంటూ, మధ్యమధ్య బరువు తూయించుకోమంది. మూడు వారాలు పట్టింది. రాత్రిళ్ళు అయితే నరకం. కానీ డబ్బా మూలకి చేరింది.

అక్కడితో అయిపోయిందనుకున్నావా? రెండో నెలలో గోరుచుట్టు మీద రోకటిపోటులా రొమ్ములో గడ్డ, ఎర్రగా వాపు, జ్వరం. ఈసారి వేరే డాక్టరు. యాంటీబయాటిక్ రాసి, "వారం రోజులు పాలు ఆపేయండి" అన్నాడు. అప్పటికి నేనూ కాస్త ముదిరాను కదా, ఇంటికొచ్చి ఫోన్లో లాక్ట్‌మెడ్ తీశాను. అమెరికా ప్రభుత్వ వైద్య గ్రంథాలయం సైటులో దొరికే ఉచిత డేటాబేస్, ఏ మందు పాలలోకి ఎంత వెళ్తుందో చెబుతుంది. ఆయన రాసిన మందు పాలిచ్చే తల్లికి వాడొచ్చనే ఉంది. వాపు వచ్చినప్పుడు అమాంతం పాలు ఆపేస్తేనే అది చీము గడ్డగా మారే ప్రమాదం ఎక్కువ. క్యాన్సర్ మందులు, రేడియోధార్మిక అయోడిన్ లాంటివాటికి ఆపాల్సిందే, దాన్నెవరూ కాదనరు. మామూలు మందుకి వెతికి చూడటానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, ఆయనకి ఒక నిమిషం చాలు.

ఐదో నెలలో బరువు గీత కిందికి జారిందని ఇంకొకాయన బెదిరించాడు. చూస్తే ఆయన టేబుల్ అద్దం కింద ఉన్నది పాతకాలపు చార్టు, ఎక్కువగా డబ్బా పాలు తాగిన అమెరికన్ పిల్లల కొలతలతో తయారైన రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో తల్లిపాలు తాగిన పిల్లల్ని కొలిచి 2006లోనే కొత్త చార్టులిచ్చింది. వాటి మీద పెడితే మా పాప చక్కగా గీత మీదే ఉంది. ఆ టేబుల్ మీదే పాల డబ్బా కంపెనీ క్యాలెండరు కూడా చూశాను. అలాంటివి కూడదని 1981లోనే ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి చేసింది, 118 దేశాలు ఒప్పుకున్నాయి, కాదన్నది ఒక్క అమెరికాయే. నీ టేబుల్ మీద పెట్టుకోకే, నీకు కావాలంటే క్యాలెండరు నేను కొనిస్తాను.

నా మాటలు విని డబ్బా పాలంటే విషమనుకుంటున్నానని అనుకోకు. నా ఆఫీసు స్నేహితురాలిది దీనికి సరిగ్గా తలకిందుల కథ. ఆవిడకి నిజంగానే పాలు తక్కువ, థైరాయిడ్ సమస్య ఉందని తర్వాత తెలిసింది. వాళ్ళ డాక్టరు తల్లిపాల మీద పెద్ద ఉపన్యాసం ఇచ్చి, "ప్రయత్నిస్తూ ఉండండి, అవే వస్తాయి" అని పంపేసింది. ఐదో రోజుకి బిడ్డ ఒళ్ళు ఎండిపోయి, మత్తుగా పడుకుంటుంటే పరుగెత్తుకెళ్ళి అడ్మిట్ చేశారు. దేవుడి దయవల్ల బాగానే ఉన్నాడు. నా డాక్టరు లేవన్నాడు, ఆవిడ డాక్టరు ఉన్నాయంది. ఇద్దరిలో ఒక్కరైనా బిడ్డ తాగుతుంటే చూసి చెప్పారా?

మీవాళ్ళని మరీ తిట్టేస్తున్నానేమో. హాస్టల్లో నువ్వు "తల్లిపాల ప్రయోజనాలు పది రాయుము" అని బట్టీ పడుతూ గదిలో అటూఇటూ తిరిగేదానివి, గుర్తుందా? ఆ పదీ నాకూ వచ్చేశాయి. బిడ్డ నోరు ఎలా పట్టించాలో మాత్రం ఆ పదిలో లేదు. నేర్పనిది ఎక్కణ్ణుంచి వస్తుంది! సిసిలీ విలియమ్స్ గురించి నీకు తెలుసా? క్వాషియోర్కర్‌కి, అదే పిల్లలకి మాంసకృత్తులు చాలక వచ్చే జబ్బుకి, ఆ పేరు పెట్టిన డాక్టరు. 1939లో సింగపూర్‌లో రోటరీ క్లబ్బువాళ్ళ ముందు నిలబడి, పసిపిల్లలకి డబ్బాలో తియ్యటి పాలు మంచివని చెప్పి అంటగట్టడం హత్యతో సమానమని మొహం మీదే అనేసింది. ఆవిడా మీ పిల్లల డాక్టరే. కాబట్టి నువ్వు చేరుతున్న జట్టులో మంచివాళ్ళు లేకపోలేదు.

నీకు రౌండ్స్‌లో నలభై మంది ఉంటారని తెలుసు. అందరి దగ్గరా కూర్చోలేవు. బరువు తగ్గిన బిడ్డ దగ్గర, నొప్పంటున్న తల్లి దగ్గర అయినా కూర్చో. అదీ కుదరకపోతే ఆ పని తెలిసిన నర్సు ఎవరో మొదటి వారంలోనే కనుక్కుని పెట్టుకో. ఆవిడ ఎక్కడో ఫైళ్ళు మోస్తూ ఉంటుంది.

పాప లేచింది. ఇప్పుడు రెండు పళ్ళొచ్చాయిలే కింద, తాగడం అయిపోయాక కొరికి, నా మొహం చూసి నవ్వుతోంది. మీ పుస్తకాల్లో దీనికేమన్నా ఉందేమో చూసి త్వరగా చెప్పు.

నీ
అదే, హాస్టల్లో నీ పక్క మంచం